రాక్ క్రాలర్ గేరింగ్: ఏం వస్తుంది, ఏం పోతుంది

హాబీ షాపు సర్వీసు బల్ల దగ్గర పనిచేసేవాళ్లకు రాక్ క్రాలర్ల మీద వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా రెండు రకాలు. ఒకరు బండి రాయి ఎక్కడం లేదంటారు. ఇంకొకరు మరీ నెమ్మదిగా నడుస్తోందంటారు. రెండింటికీ వెంటనే చేతికి తగిలే మందు మోటారు షాఫ్టు మీదుండే చిన్న గేరు, అంటే పినియనే. నాలుగు స్క్రూలు విప్పి, పళ్లు తక్కువదో ఎక్కువదో బిగిస్తే కస్టమర్ సంతోషంగా వెళ్లిపోతాడు. కానీ ఆ మార్పు వల్ల మోటారు మీద, గేర్ల మీద, ఇరుసుల మీద ఏ భారం పడుతుందో లెక్క వేయకపోతే, కొన్నాళ్లకు అదే బండి కాలిన మోటారుతోనో అరిగిన స్పర్ గేరుతోనో మళ్లీ బల్ల మీదికి వస్తుంది.

రిమోట్‌తో నడిచే రాక్ క్రాలర్లు, ట్రయల్ ట్రక్కులు బాగుచేసి బతికేవాళ్ల కోసం, ఆ పని నేర్చుకోవాలనుకునే డిప్లొమా, ఐటీఐ కుర్రాళ్ల కోసం ఈ వ్యాసం. ఈ బళ్లు అమెరికాలో పుట్టి పెరిగాయి. 1987లో వచ్చిన తమియా క్లాడ్ బస్టర్ ఇరుసులను విప్పి, హాబీ మనుషులు ఇళ్లలోనే రాళ్లెక్కే బళ్లు కట్టుకునే రోజులుండేవి. ఆ తర్వాత యాక్సియల్ కంపెనీ ఏఎక్స్10ను, 2009లో ఎస్‌సీఎక్స్10ను, ట్రాక్సస్ కంపెనీ 2017లో టీఆర్ఎక్స్-4ను తెచ్చాయి. ఇప్పుడు డాలస్‌లో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, బల్ల మీదికి వచ్చే బళ్లు ఇంచుమించు ఇవే, వీటి తోబుట్టువులే.

నేను గట్టిగా నమ్మేదొకటి చెబుతాను. గేరింగ్‌లో ఉచితంగా వచ్చేదేదీ లేదు. బలం పెంచితే వేగం తగ్గుతుంది. వేగం పెంచితే వేడి పెరుగుతుంది. గేరు తగ్గింపును ఒక చోట నుంచి ఇంకో చోటికి మారిస్తే ఒక భాగం ఊపిరి పీల్చుకుంటుంది, ఇంకో భాగం నలుగుతుంది. మంచి టెక్నీషియన్ ఏది వస్తుందో, ఏది పోతుందో ముందే లెక్క వేసి, పోయేదాన్ని కస్టమర్‌కు పని మొదలుపెట్టకముందే చెబుతాడు.

లెక్క ముందు, రెంచి తర్వాత

మోటారు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో ఆ సంఖ్యే మొత్తం రేషియో. క్రాలర్లలో ఈ తగ్గింపు మామూలుగా మూడు చోట్ల జరుగుతుంది. మొదటిది పినియన్‌కూ అది తిప్పే స్పర్ గేరుకూ మధ్య. రెండోది ట్రాన్స్‌మిషన్ లోపల. మూడోది ఇరుసులో రింగ్ గేరుకూ దాని పినియన్‌కూ మధ్య. పోర్టల్ ఇరుసులున్న బళ్లలో చక్రం పక్కనే నాలుగోది కూడా ఉంటుంది. ఇవన్నీ గుణిస్తే మొత్తం రేషియో వస్తుంది.

యాక్సియల్ పాత మూడు గేర్ల ట్రాన్స్‌మిషన్‌ను తీసుకుందాం. దాని లోపలి రేషియో 2.6. ఇరుసులో 38 పళ్ల రింగ్ గేరు, 13 పళ్ల పినియన్, అంటే 2.92. దానికి 87 పళ్ల స్పర్, 14 పళ్ల పినియన్ వేశామనుకోండి. 87ను 14తో భాగిస్తే 6.21. ఈ మూడూ గుణిస్తే మొత్తం 47.2. అదే బండికి 18 పళ్ల పినియన్ వేస్తే 36.7 అవుతుంది. చూడ్డానికి నాలుగు పళ్ల తేడా, బండి స్వభావం మొత్తం మారిపోతుంది.

ఎంత మారుతుందో వేగంలో చూద్దాం. 1800 కేవీ బ్రష్‌లెస్ మోటారు, 3ఎస్ లైపో బ్యాటరీ అనుకోండి. కేవీ అంటే ఒక వోల్టుకు మోటారు నిమిషానికి తిరిగే చుట్లు. 3ఎస్ అంటే 11.1 వోల్టులు. గుణిస్తే భారం లేనప్పుడు నిమిషానికి 19,980 చుట్లు. దాన్ని 47.2తో భాగిస్తే చక్రం నిమిషానికి సుమారు 423 చుట్లు తిరుగుతుంది. 1.9 అంగుళాల రిమ్ముకు వేసే 119 మిల్లీమీటర్ల టైరు చుట్టుకొలత 374 మిల్లీమీటర్లు. అంటే బండి గరిష్ఠ వేగం గంటకు 9.5 కిలోమీటర్లు. 18 పళ్ల పినియన్‌తో అది 12.2 అవుతుంది. మనిషి చురుగ్గా నడిస్తే గంటకు ఐదారు కిలోమీటర్లు. బండి వెంట నడుస్తూ ఆడే ఆట ఇది కాబట్టి, నడక వేగానికి రెండింతలుంటే ట్రయల్‌కు చాలినంత ఉన్నట్టే.

ఈ లెక్కకు కాగితం, పెన్సిల్ చాలు. కానీ పెట్టె మీద రాసిన పళ్ల సంఖ్యను నమ్మకండి. ముందు యజమాని ఏం మార్చాడో మీకు తెలియదు. పినియన్, స్పర్ పళ్లు కళ్లతో చూసి లెక్కపెట్టండి. ఇరుసు రేషియో కావాలంటే డ్రైవ్ షాఫ్టు మీద మార్కర్‌తో గీత గీసి, రెండు చక్రాలూ కలిసి పది చుట్లు తిరిగేలా తిప్పుతూ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. క్రాలర్లలో ఇరుసులు సాధారణంగా లాక్ అయి ఉంటాయి కాబట్టి ఈ పద్ధతి సరిగ్గా పనిచేస్తుంది.

రేషియో పెరిగితే, తగ్గితే

మొత్తం రేషియో పెద్దదయ్యేకొద్దీ ట్రిగ్గర్ మీద పట్టు పెరుగుతుంది. వేలు కొంచెం కదిపితే బండి కొంచెమే కదులుతుంది. రాయి అంచు మీద టైరు సగం ఎక్కి ఆగిన చోట, అక్కడి నుంచి అంగుళం ముందుకు జరపడమే ఆట మొత్తం. ఘాట్ రోడ్డు ఎక్కే లారీ మొదటి గేరులో ఎందుకు ఉంటుందో ఇక్కడా కారణం అదే. డ్రాగ్ బ్రేక్ కూడా గట్టిపడుతుంది. ట్రిగ్గర్ వదిలినప్పుడు బండిని వాలు మీద నిలబెట్టేది ఈ బ్రేకే. బ్రష్ మోటారులో ఇది మోటారు తిరిగితేనే పనిచేస్తుంది కాబట్టి బండి వాలులో మెల్లగా జారుతుంది. రేషియో పెద్దదైతే ఆ జారుడు తగ్గుతుంది.

పోయేది చక్రం వేగం. ఇసుకలో, బురదలో, వదులు మట్టిలో టైరు కొంత వేగంగా తిరిగితేనే అచ్చులోని మట్టి విదిలిపోయి మళ్లీ పట్టు దొరుకుతుంది. కొన్ని రాతి అంచులను మెల్లగా ఎక్కలేం, ఒక్క ఊపు కావాలి. ఆ ఊపు పెద్ద రేషియోలో దొరకదు. ఇంటి నుంచి రాళ్ల గుట్ట దాకా బండిని నడిపించుకుంటూ వెళ్లే కస్టమర్‌కు దారంతా విసుగు.

రేషియో తగ్గిస్తే వేగం వస్తుంది, దాని మూల్యం వేడి. ఇక్కడ టెక్నీషియన్ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. మోటారు ఇచ్చే బలం కరెంటును బట్టి ఉంటుంది, కాయిల్‌లో పుట్టే వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 14 పళ్ల పినియన్ తీసి 18 వేస్తే, అదే రాయిని ఎక్కడానికి మోటారు సుమారు 29 శాతం ఎక్కువ కరెంటు లాగాలి. వేడి 65 శాతం పెరుగుతుంది. కస్టమర్‌కు కనిపించే లాభం వేగంలో మూడో వంతు కూడా లేదు. కనిపించనిది కాయిల్ మీద పడిన ఆ భారం. మోటారుతో పాటు దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ (ఈఎస్‌సీ) కూడా అదే కరెంటును మోస్తుంది.

కొత్త తరం ఎఫ్ఓసీ (ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్) బ్రష్‌లెస్ వ్యవస్థలు ఈ లెక్కను కొంత మార్చాయి. హాబీవింగ్ ఫ్యూజన్ లాంటివాటిలో మోటారు, ఈఎస్‌సీ ఒకే డబ్బాలో ఉంటాయి. 1200 కేవీ, 1800 కేవీ రకాలు దొరుకుతాయి. ఇవి అతి తక్కువ వేగంలోనూ కుదుపు లేకుండా తిరుగుతాయి, వాలు మీద మోటారును అదే స్థానంలో పట్టి ఉంచుతాయి. బ్రష్ మోటారుకు నియంత్రణ కోసమే ఇచ్చే అదనపు తగ్గింపు వీటికి అంతగా అవసరం లేదు. కానీ వేడి సూత్రం మారలేదు. నియంత్రణ బాగుంది కదా అని రేషియో మరీ తగ్గిస్తే కాయిల్ కాలడం మాత్రం అలాగే ఉంటుంది.

తగ్గింపు ఎక్కడ పెట్టాలి

మొత్తం 47 రావడానికి చాలా దారులున్నాయి. పినియన్ చిన్నది చేయొచ్చు, ఇరుసు గేర్లు మార్చొచ్చు, పోర్టల్ ఇరుసులు వేయొచ్చు. చక్రం దగ్గర ఫలితం ఒకటే, మధ్యలో ఉన్న భాగాలకు మాత్రం కాదు. ఈ తేడా తెలిసిన టెక్నీషియన్లు తక్కువ. తెలిసినవాళ్ల దగ్గరికే బళ్లు వెతుక్కుంటూ వస్తాయి.

డ్రైవ్ షాఫ్టు మీద పడే మెలి, చక్రం దగ్గరి బలాన్ని ఇరుసు రేషియోతో భాగించినంత ఉంటుంది. అందుకే తగ్గింపు చక్రానికి ఎంత దగ్గరగా ఉంటే షాఫ్టులు, యూనివర్సల్ జాయింట్లు, ట్రాన్స్‌మిషన్ గేర్లు అంత తేలిగ్గా పనిచేస్తాయి. పైన చెప్పిన యాక్సియల్ ఇరుసులో 38/13 తీసి 43/13 వేస్తే రేషియో 2.92 నుంచి 3.31కి వెళుతుంది. పినియన్‌ను ఆ మేరకు పెద్దది చేసి మొత్తం రేషియోను పాత చోటనే ఉంచితే, చక్రానికి అదే బలం అందుతూ షాఫ్టు మీద మెలి దాదాపు 12 శాతం తగ్గుతుంది.

దీనితో ఇంకో లాభముంది. ట్రిగ్గర్ నొక్కగానే బండి బాడీ ఒక పక్కకు ఒరగడం చూసే ఉంటారు. అది షాఫ్టు మెలికి సస్పెన్షన్ ఇచ్చే స్పందన. పక్కవాలులో బండి బోల్తా పడడానికి ఇది పెద్ద కారణం. షాఫ్టు మెలి తగ్గితే ఒరుగుడూ తగ్గుతుంది. పోర్టల్ ఇరుసులున్న బళ్లు నిటారుగా నిలబడి ఎక్కడానికి ఒక కారణం ఇదే. పోర్టల్ ఇరుసు గొట్టాన్ని చక్రం మధ్య కంటే పైకి లేపుతుంది కాబట్టి కింద రాయి తగలడమూ తగ్గుతుంది.

మరి పోయేదేమిటి? ఒకే ఇరుసు డబ్బాలో 38 పళ్లు పట్టే చోట 43 పళ్లు పట్టించాలంటే ఒక్కో పన్ను సన్నబడాలి. రాయిలో చక్రం ఇరుక్కున్నప్పుడు ముందు విరిగేది ఆ సన్నటి పన్నే. పోర్టల్‌లో అయితే గేర్ల సంఖ్య పెరుగుతుంది. ప్రతి జత గేర్ల దగ్గరా కొంత శక్తి నష్టం, కొంత శబ్దం. నీళ్లలో నడిపిన బండికి చక్రం పక్కనున్న ఆ చిన్న డబ్బాల్లో బురద చేరితే, విప్పి కడిగి గ్రీజు పెట్టే పని పెరుగుతుంది. కస్టమర్ బండిని వాగులో దించే మనిషి అయితే ఈ సంగతి ముందే చెప్పాలి.

పినియన్, స్పర్ దగ్గరి పంటి కొలతలోనూ, అంటే పిచ్‌లోనూ, ఇలాంటి లావాదేవీయే ఉంది. 32 పిచ్ గేర్ల పళ్లు లావు, బలమైనవి. రాయి ముక్క పడినా కొంత తట్టుకుంటాయి. కానీ పళ్ల సంఖ్య తక్కువ కాబట్టి మార్పు పెద్ద మెట్లలో జరుగుతుంది. 48 పిచ్‌లో 87/14తో వచ్చిన రేషియో 32 పిచ్‌లో 56 పళ్ల స్పర్‌తో కావాలంటే 9 పళ్ల పినియన్ వేయాలి. అంత చిన్న పినియన్‌లో పంటి మొదలు సన్నబడి బలం తగ్గుతుంది, మోటారు మౌంటు కూడా అంత దగ్గరికి జరగకపోవచ్చు. 48 పిచ్ చిన్న మెట్లలో సర్దుకోనిస్తుంది, శబ్దం తక్కువ, కానీ పళ్లు సన్నం. గేర్ల మీద కవరు లేని బండికి, మట్టిలో తిరిగే బండికి 32 పిచ్ నయం. మూసి ఉన్న గేర్లకు, పోటీల్లో సన్నగా సర్దుకోవాలనుకునేవాళ్లకు 48 పిచ్ బాగుంటుంది. 32 పిచ్, 0.8 మాడ్యూల్ పళ్లు కొలతలో చాలా దగ్గర, 32 పిచ్ అంటే 0.794 మాడ్యూల్. అవసరానికి కలిసి తిరుగుతాయి. డబ్బు తీసుకుని చేసే పనిలో మాత్రం ఒకే కొలత జతనే వేయండి.

ముందు చక్రాలు వేగంగా తిరిగితే

ఓవర్‌డ్రైవ్ అడిగే కస్టమర్లు ఈ మధ్య పెరిగారు. ముందు ఇరుసు చక్రాలు వెనక చక్రాల కంటే కొంత వేగంగా తిరిగేలా చేయడమే ఓవర్‌డ్రైవ్. ముందు చక్రాలు లాగుతూ ఉంటాయి కాబట్టి నిటారు ఎక్కుడులో బండి సాగదీసినట్టు నిలుస్తుంది, వెనక్కి తిరగబడే గుణం తగ్గుతుంది. లాక్ అయిన ఇరుసులతో మలుపు తీసుకోవడం కష్టం, ఓవర్‌డ్రైవ్ ఆ మలుపును కాస్త చిన్నది చేస్తుంది.

పాత యాక్సియల్ ఇరుసులకు మూడు రకాల గేర్లు దొరికేవి. 36/14 వేగవంతమైనది, 38/13 మామూలుది, 43/13 నెమ్మదైనది. ముందు 38/13, వెనక 43/13 వేస్తే 13 శాతం ఓవర్‌డ్రైవ్. ముందు 36/14, వెనక 38/13 వేస్తే దాదాపు 14 శాతం. ముందు 36/14, వెనక 43/13 వేస్తే దాదాపు 29 శాతం. మొదటి రెండింటి ఫలితం ఇంచుమించు ఒకటే అనిపిస్తుంది. కానీ మొదటిది వెనక ఇరుసును నెమ్మది చేస్తుంది, రెండోది ముందు ఇరుసును వేగం చేస్తుంది. మొత్తం బలం, వేగం అందుకు తగినట్టు మారతాయి. ఆ తేడాను పినియన్‌తో సరిదిద్దుకోవాలి.

13 శాతం ఓవర్‌డ్రైవ్ అంటే వెనక చక్రాలు ఒక మీటరు వెళ్లే సమయంలో ముందు చక్రాలు 1.13 మీటర్లు వెళ్లాలి. అది జరగాలంటే ఎక్కడో ఒక టైరు జారాలి. వదులు మట్టిలో ఆ జారుడు తేలిగ్గా జరిగిపోతుంది. పట్టు గట్టిగా ఉన్న రాతి మీద జారదు, ఆ మెలి షాఫ్టుల్లో, గేర్లలో పేరుకుంటుంది. హైదరాబాదు ఖాజాగూడ గుట్టల గ్రానైట్ మీదగానీ, కాలిఫోర్నియా సియెరా నెవాడా కొండల్లో రూబికాన్ ట్రయల్ గ్రానైట్ మీదగానీ, ఎండిన రాతి మీద టైరు పట్టు చాలా గట్టిగా ఉంటుంది. యూటా రాష్ట్రం మోయాబ్‌లోని ఇసుకరాయి కూడా రబ్బరును వదలదు. అలాంటి చోట 29 శాతం ఓవర్‌డ్రైవ్ బ్యాటరీని తింటుంది, టైరును అరగదీస్తుంది, మోటారును వేడెక్కిస్తుంది. పోటీ బండి కొద్ది నిమిషాలే నడుస్తుంది, అది భరిస్తుంది. ఆదివారం పొద్దున నుంచి సాయంత్రం దాకా తిరిగే ట్రయల్ ట్రక్కుకు తక్కువ శాతంతో ఆపండి, లేదా అసలు వద్దని చెప్పండి.

టైరు, బ్యాటరీ మారితే గేరూ మారినట్టే

చాలామంది కస్టమర్లు గేరింగ్ ముట్టుకోకుండానే గేరింగ్ మార్చేస్తారు. 106 మిల్లీమీటర్ల టైరు తీసి 119 మిల్లీమీటర్ల టైరు వేస్తే, అదే బలానికి మోటారు 12 శాతం ఎక్కువ కష్టపడాలి. 14 పళ్ల పినియన్‌ను 13కి తెస్తే ఆ లోటులో సగానికి కొంచెం పైన తీరుతుంది. 12కి తెస్తే పూర్తిగా తీరి కొంత మిగులుతుంది. పెద్ద టైర్లు కొన్న కస్టమర్‌కు పినియన్ కూడా కావాలని చెప్పడం అమ్మకపు మాట అనుకోకండి, అది మీ బాధ్యత.

బ్యాటరీ విషయంలో ఒక మంచి లావాదేవీ ఉంది. 2ఎస్ నుంచి 3ఎస్‌కు వెళితే వోల్టేజి ఒకటిన్నర రెట్లు, మోటారు చుట్లూ అంతే పెరుగుతాయి. చాలామంది పాత పినియన్‌తోనే 3ఎస్ పెట్టి, వేగం చూసి మురిసిపోయి, మోటారు కాల్చుకుంటారు. దానికి బదులు 21 పళ్ల పినియన్ ఉన్న చోట 14 వేసి 3ఎస్ పెట్టండి. గరిష్ఠ వేగం పాతదే ఉంటుంది. అదే రాయికి మోటారు లాగే కరెంటు మూడింట రెండు వంతులకు, కాయిల్ వేడి సగం కంటే తక్కువకు వస్తుంది. పోయేదేమిటంటే మోటారు ఎక్కువ చుట్లు తిరగడం వల్ల శబ్దం, బ్రష్ మోటారైతే బ్రష్‌ల అరుగుదల. ఈఎస్‌సీకి 3ఎస్ భరించే శక్తి ఉందో లేదో ముందు దాని కాగితంలో చూడండి.

బ్రష్ మోటార్లలో కాయిల్ తీగ చుట్ల సంఖ్య (టర్న్) కూడా ఇలాంటిదే. 35 టర్న్ మోటారు చురుకైనది, 55 టర్న్ మోటారు నెమ్మదైనది, కరెంటు తక్కువ లాగుతుంది. 2ఎస్ మీద 55 టర్న్ మోటారు మరీ మందంగా ఉంటుంది. 3ఎస్ మీద పెడితే రాళ్లకు చక్కగా పనిచేస్తుంది. మోటారు, బ్యాటరీ, టైరు, పినియన్ ఈ నాలుగూ కలిసి ఒకే నిర్ణయం. ఒకటి మార్చమన్నప్పుడు మిగిలిన మూడూ అడిగి రాసుకోండి.

బల్ల మీద పని క్రమం

పని మొదలుపెట్టేముందు జాబ్ కార్డు మీద ఇవి రాయండి: కస్టమర్ బండి నడిపే నేల, టైరు కొలత, బ్యాటరీ, మోటారు, ఇప్పటి పినియన్, స్పర్ పళ్లు, పిచ్, మొత్తం రేషియో. ఇదంతా పది నిమిషాల పని. ఆరు నెలల తర్వాత అదే బండి వచ్చినప్పుడు ఈ కార్డే మీ జ్ఞాపకశక్తి.

పినియన్ కొనేటప్పుడు రంధ్రం కొలత చూడండి. 540 సైజు మోటార్లకు మామూలుగా 3.17 మిల్లీమీటర్లు, పెద్ద బ్రష్‌లెస్ మోటార్లలో 5 మిల్లీమీటర్ల షాఫ్టులుంటాయి. సెట్ స్క్రూ షాఫ్టు చదును మీద సరిగ్గా కూర్చోవాలి. మామూలుగా ఇది ఎం3 స్క్రూ, దానికి 1.5 మిల్లీమీటర్ల హెక్స్ రెంచి. అరిగిన రెంచితో బిగిస్తే తల పాడవుతుంది, కస్టమర్ దాన్ని రాతి గుట్ట మీద విప్పలేడు. లోహం మీద లోహం ఉన్న చోట నీలం థ్రెడ్ లాక్ ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్‌కు అది తగలకూడదు, పగుళ్లు వస్తాయి.

మెష్ సర్దడానికి నోటు పుస్తకం కాగితం ముక్క చాలు. పినియన్, స్పర్ మధ్య కాగితం పెట్టి, మోటారును దగ్గరికి నొక్కి బిగించి, కాగితం తిప్పి బయటికి తీయండి. కాగితం మీద పళ్ల ముద్రలు పడాలి, చిరగకూడదు. స్పర్ గేరును పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ నాలుగు చోట్ల మెష్ చూడండి. కొంచెం వంకర తిరిగే స్పర్ ఒక చోట బిగుతుగా, ఇంకో చోట వదులుగా ఉంటుంది. బిగుతైన చోటునే ఆధారంగా తీసుకోండి.

తర్వాత వేడి పరీక్ష. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొనండి, ఈ పనిలో అది తప్పనిసరి. వేలితో ముట్టి చెప్పే వేడిని నమ్మకండి. కస్టమర్ నడిపేలాంటి వాలు మీద బండిని ఐదు నిమిషాలు ఎక్కించి దించి, మోటారు వేడి, గది వేడి రెండూ రాయండి. ఇంకో ఐదు నిమిషాలు నడిపి మళ్లీ రాయండి. వేడి ఇంకా ఎక్కుతూనే ఉంటే పరీక్ష అయిపోలేదు. 70 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే మంచిది, 80 దగ్గరికి వస్తుంటే పినియన్ ఒక పన్ను తగ్గించండి. మోటారు తయారీదారు ఇంకా తక్కువ హద్దు రాస్తే అదే పాటించండి.

ఇక్కడ తెలుగు నేల మీద పనిచేసేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర పరీక్షించిన మోటారు 68 డిగ్రీలు చూపితే పెరుగుదల 43 డిగ్రీలు. అదే బండి మే నెలలో 42 డిగ్రీల ఎండలో నడిస్తే మోటారు 85 దాకా పోతుంది. అందుకే జాబ్ కార్డు మీద పెరుగుదల కూడా రాయండి. వేసవికి ఒక పన్ను చిన్న పినియన్ ఇచ్చి, సంచిలో పాత పినియన్ పెట్టి పంపితే కస్టమర్ చలికాలంలో తనే మార్చుకుంటాడు.

ఒకసారి ఒకటే మార్చండి. పినియన్, టైరు, ఈఎస్‌సీ సెట్టింగు మూడూ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో మీకే తెలియదు. రేపు ఇంకో బండికి చెప్పడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

గేరింగ్ తప్పు కానివి

పినియన్ పెట్టె తెరిచే ముందు వీటిని చూడండి. ఎక్కుడు మధ్యలో బండి చచ్చిపోయి మళ్లీ లేస్తోందంటే, స్టీరింగ్ సర్వో ఎక్కువ కరెంటు లాగి రిసీవర్ వోల్టేజి పడిపోతుండొచ్చు. మోటారు తిరుగుతూ చక్రాలు ఆగితే వదులైన సెట్ స్క్రూ, లేదా జారుతున్న స్లిప్పర్ క్లచ్. ఒక చక్రం మాత్రమే తిరగకపోతే హబ్ పిన్ లేదా విరిగిన ఇరుసు. చక్రాలు చేత్తో తిప్పినప్పుడు ఒక చోట గట్టిగా తగిలితే బేరింగ్ పోయింది, లేదా షాఫ్టు కోణం మరీ ఎక్కువైంది. పాత బ్రష్ మోటారు వేడెక్కి బలం తగ్గితే బ్రష్‌లు, కమ్యుటేటరు చూడండి. వాలు మీద జారుతుంటే ముందు ఈఎస్‌సీలో డ్రాగ్ బ్రేక్ సెట్టింగు చూడండి. బండి అన్ని చోట్లా జారిపోతుంటే టైరు రబ్బరు గట్టిపడిందేమో, లోపలి ఫోమ్ పోయిందేమో చూడండి. ఇవేవీ గేరుతో బాగుపడవు. గేరు మార్చి వీటిని కప్పిపుచ్చితే రోగం లోపలే ముదురుతుంది.

కస్టమర్‌కు చెప్పే మాట

పని మొదలుపెట్టేముందు చెప్పే నాలుగు వాక్యాలు మీ పేరు నిలబెడతాయి. ఇలా చెప్పొచ్చు: "సార్, మీరు రాళ్ల మీదే నడుపుతానన్నారు కదా, 18 తీసి 14 పళ్ల పినియన్ వేస్తాను. రాయి మీద పట్టు బాగా వస్తుంది, మోటారు చల్లగా ఉంటుంది. గరిష్ఠ వేగం మాత్రం ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. బురదలో ఆడాలనుకుంటే ఇది మీకు నచ్చదు. ఆ రోజు పాత 18 వేసుకోండి, దాన్ని కవర్లో పెట్టి ఇస్తాను." ఇలా చెప్పించుకున్న మనిషి వేగం తగ్గిందని ఫిర్యాదు చేయడు. చెప్పకపోతే అదే మార్పు మీ తప్పుగా కనిపిస్తుంది.

తీసిన భాగాలు కస్టమర్‌వే, అడగకుండానే తిరిగి ఇవ్వండి. బిల్లులో పాత రేషియో, కొత్త రేషియో, పరీక్షించిన వేడి రాయండి. పరీక్షకు పట్టిన సమయానికి కూడా డబ్బు అడగండి. పినియన్ అందరి దగ్గరా దొరుకుతుంది. లెక్క వేసి, వాలు మీద నడిపి, వేడి కొలిచి ఇచ్చే పని అందరి దగ్గరా దొరకదు. కస్టమర్ చెల్లించేది దానికే. అతను అడిగింది అతని నేలకు సరిపడదని మీకు తెలిస్తే, అమ్మకం పోయినా సరే వద్దని చెప్పండి. రెండు మోటార్లు కాల్చుకున్న మనిషి షాపు మారుస్తాడు. మోటారు కాపాడిన మనిషి తన స్నేహితులను వెంటబెట్టుకుని వస్తాడు.

ఈ పని నేర్చుకునేవాళ్లు ఈ వారం నుంచే మొదలుపెట్టొచ్చు. 32 పిచ్‌లో 11 నుంచి 16 దాకా, 48 పిచ్‌లో 12 నుంచి 21 దాకా ఉక్కు పినియన్లు కొన్ని, ఒక థర్మామీటరు, నీలం థ్రెడ్ లాక్, మంచి హెక్స్ రెంచిలు తెచ్చుకోండి. షాపులో ఉన్న ప్రతి బండికీ మొత్తం రేషియో లెక్క వేసి గోడ మీద రాయండి. ఒకే బండిని మూడు పినియన్లతో ఒకే వాలు మీద నడిపి, ఎక్కిన తీరు, వేడి పక్కపక్కన రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే, బండి బల్ల మీదికి వచ్చినప్పుడు ఏది ఇవ్వగలరో, దానికి బదులు కస్టమర్ ఏది వదులుకోవాలో ధైర్యంగా చెప్పగలుగుతారు.